ఒక ఊరికి ఎడమా కుడీ నేర్పిన వైనం

జ్ఞాపకాలు రాసే వయసు నాకింకా రాలేదు. ఒక ఉద్యోగం వదిలి ఇంకొకటి పట్టుకున్నాను, అంతే. అయినా డిప్లొమా కాగితాలు సంచిలో పెట్టుకుని పావగడ బస్టాండులో దిగి, సోలార్ పార్కుకు ఆటోలు ఎక్కడ ఆగుతాయని అడిగే కుర్రాళ్ళు ఏటేటా కనిపిస్తూనే ఉన్నారు. వాళ్ళకు ఇన్వర్టర్ గురించి చెప్పడానికి పుస్తకాలున్నాయి. పాముల గురించి చెప్పడానికి గేటు దగ్గర గార్డులున్నారు. మాటల గురించి చెప్పేవాళ్ళే లేరు. అందుకని ఇది.

మాది పావగడ బజారులో అంగడి నడుపుకునే కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, మెషీన్లతో ఇంగ్లీషు. మోడం పడితే, అంటే మబ్బు కమ్మితే, మా అంగడి ముందు బేరం ఆపి ఆకాశానికి దండం పెట్టే రైతులను చూస్తూ పెరిగాను. పార్కులోపలి కంట్రోల్ రూములో అదే మబ్బుకు 'లాస్' అని పేరు. తెర మీద గీత కిందికి దిగుతుంది. కారణం రాయాల్సిన గడిలో 'క్లౌడ్ లాస్' అని కొడతాం. చాలాకాలం అలా కొట్టాక, ఒక సాయంత్రం మా మేడమీద నిలబడి పడమట నల్లగా లేస్తున్న మబ్బును చూసి "ఛ, పోయింది" అన్నాను. మా అమ్మ ఆరిన బట్టలు తీస్తున్నదల్లా ఆగి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. పావగడ తాలూకాలో మబ్బును చూసి ఛ అన్నవాడు నాకు ముందు పుట్టి ఉండడు.

కాబట్టి మాట మన చూపును మారుస్తుందంటే నేను కాదనను. ఆ సంగతి తామే కనిపెట్టామని, అది ఎదుటివాడికే తప్ప తమకు వర్తించదని అనుకునేవాళ్ళతోనే నా పేచీ.

పని గురించి అవసరమైనంతే చెబుతాను. సోలార్ ప్లేట్ల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది, కాబట్టి కడగాలి. మా ప్లాంటులో మొదట్లో పార్కును ఆనుకున్న రాయచెర్లు అనే ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్ళు పొడుగాటి కర్రల మాపులతో కడిగేవారు. ఆ గుంపుకు పెద్ద ఒక అక్క. నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళ చేను పార్కులో కలిసిపోయాక, దున్నడానికి నేల లేదని ఇంట్లో ట్రాక్టరు అమ్మేశారు. ఆ ట్రాక్టరు తోలింది ఆమే, మొగుడు కాదు. మొగుడికి బండెక్కితే నడుము పట్టేస్తుందట.

తర్వాత కంపెనీ ట్రాక్టర్లు కొంటానంది. ట్రాక్టరుకు ఒక పక్క తిరిగే బ్రష్షు, వెనక నీళ్ళ ట్యాంకు. అవి వస్తే మాపులవాళ్ళను ఇంటికి పంపిస్తారు. అయితే డ్రైవర్లుగా ఊరివాళ్ళను కూడా చూస్తామని గ్రామసభలో మాట ఇచ్చారు. ఆ మాట విన్న రోజే అక్క నన్ను పట్టుకుంది.

"ఏమప్పా ఇంజనీరూ, మా చేన్లో నేను తోలినా. ఇప్పుడు అదే చేన్లో మీ ప్లేట్ల నడుమ తోలల్ల. అంతే కదా? బండి నాకే ఇప్పీయల్ల."

"నేనిచ్చేదేముంది అక్కా, పరీక్ష పెడతారు."

"పెట్టనీ. బండి తోలేది పరీక్షే కదా, పద్యం చెప్పేది కాదు కదా."

బండి దొరికితే పని ఉంటుంది. దొరక్కపోతే మాపుతోపాటు ఆమె కూడా గేటు బయటికి పోతుంది. లెక్క ఇంతే.

ఈలోగా నగరం నుంచి ఒక పరిశోధకుడు దిగాడు. భాష మనిషి ఆలోచనను ఎలా మలుస్తుందన్నది ఆయన చదువు. మా కంపెనీ పైవాళ్ళకెవరికో తెలిసినవాడు. మూడు భాషలూ వచ్చు, ఊరికే పంపవచ్చు అన్న రెండు అర్హతలతో నన్ను ఆయనకు దుబాసీగా ఇచ్చారు.

ఆయన చెప్పిన సిద్ధాంతంలో తప్పేమీ లేదు. కొన్నిచోట్ల జనం వస్తువులు ఎక్కడున్నాయో చెప్పడానికి ఎడమ, కుడి అనరట. తూర్పు, పడమర అంటారట. అలా మాట్లాడేవాళ్ళ తలలో దిక్కులు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయట. మా పల్లెల్లో కూడా "ఆ చెంబు ఉత్తరం పక్కకు జరుపు" అంటారు. నేనే ఆ సంగతి చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. ఆ మెరుపును చూసి నేను అప్పుడే భయపడాల్సింది.

రాయచెర్లు పాల డెయిరీ అరుగు మీద ఒక బల్ల వేయించి చెక్క బొమ్మలు పెట్టాడు. ఎద్దు, గొర్రె, మేక, కుక్క. వరుస చూడమన్నాడు. తర్వాత మనిషిని వెనక్కి తిప్పి ఇంకో బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, అదే వరుస మళ్ళీ పెట్టమన్నాడు. ఎడమ కుడి లెక్కన పెడతారా, తూర్పు పడమర లెక్కన పెడతారా అన్నది ప్రశ్న. మొదట వచ్చింది కంచె బయట గొర్రెలు మేపుకునే పెద్దాయన. నేను మామా అంటాను. ఆయన బొమ్మలను చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, మేకను అన్నిటికన్నా ముందు పెట్టాడు. దాని వెనక గొర్రె, ఎద్దు. చివర కుక్క.

"మేక ముందు లేదు కదా అని అడుగు" అన్నాడు పరిశోధకుడు.

"సారుకు చెప్పప్పా. గొర్రె ముందర ఉంటే మంద యాడికీ పోదు. అది ముందరున్న దాన్ని చూసి పోయే జాతి. ముందర ఎవురూ లేకుంటే ఆడే నిలబడి మొగం చూస్తాది. మేకే ముందర నడసల్ల. సారు పెట్టినది తప్పు. నేను సరిచేసినా."

నేను మాట పోకుండా అనువదించాను. పరిశోధకుడు 'జవాబు అస్థిరం' అని రాసుకున్నాడు. రెండోవాడు కూడా మేకనే ముందు పెట్టాడు. మూడో ఆమె కూడా. మధ్యాహ్నానికి ఊళ్ళో సగంమంది మేకను ముందు పెట్టారు. ఇంతమంది ఒకే రకంగా అస్థిరంగా ఎలా ఉంటారని ఆయనకు అనుమానం రాలేదు. నీరసం మాత్రం వచ్చింది. బొమ్మలు సంచిలో వేసుకుంటుంటే చూడలేక పెద్దాయన నన్నడిగాడు.

"ఏమంటప్పా ఆయప్ప బాధ?"

"మీకు తూర్పు పడమరలే తెలుసు, ఎడమ కుడి తెలీదేమోనని ఆయన ఆశ మామా."

పెద్దాయన అరుగు మీదివాళ్ళ వైపు ఒకసారి చూశాడు. మా తాలూకాలో ఆ చూపు చాలు, సభ తీర్మానం అయిపోయినట్టే.

"అవునని చెప్పప్పా. మాకు ఎడమా కుడీ యాడివి? అవన్నీ టౌనోళ్ళకి ఉంటాయి."

సంచిలోంచి పుస్తకం మళ్ళీ బయటికి వచ్చింది. ఫోను రికార్డింగు మొదలైంది. అక్కడినుంచి రాయచెర్లుకు పండగే. ఒకాయన పరిశోధకుడితో చేతులు కలపబోయి "పడమటి చెయ్యి ఇయ్యి సారూ" అన్నాడు. ఒక అవ్వ ముందుకొచ్చి కష్టం చెప్పుకుంది: "మోడం పట్టిన దినం మాకు పస్తే సారూ. సూర్యుడు కనపడడు, ఏ చేత్తో తినల్లో తెలీదు." అందరికంటే బాగా చెప్పింది మా అక్క. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పెండ్లిలో మా ఆయన నాకు ఏ పక్కన కూసున్నాడో తెలీక, పక్కన ఉండే పురోయితునికి దండ వేయబోయినా సారూ. నాకు ఎడమ కుడి అస్సలు తెలీదు" అంది. అరుగంతా దద్దరిల్లింది. పరిశోధకుడు ఫోనును ఆమె ముఖానికి ఇంకా దగ్గరికి తెచ్చాడు.

అంతా అనువదించాక నా ధర్మంగా ఒక మాట కలిపాను. "సార్, వీళ్ళు మిమ్మల్ని ఆటపట్టిస్తున్నారు. వీళ్ళు మడకకు, అంటే నాగలికి, కట్టే ఎద్దుల్లో ఎడమ పక్కదాన్ని దాపటెద్దు అంటారు, కుడి పక్కదాన్ని వలపటెద్దు అంటారు. ప్రతి ఇంట్లో ఆ మాటలున్నాయి."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "అవి ఎద్దులకు సంబంధించిన మాటలు. దిక్కులకు సంబంధించినవి కావు. నువ్వు ఇంగ్లీషు చదువుకున్నావు, నీ ఆలోచన మారిపోయింది. వీళ్ళలో ఉన్నది నీకు కనపడదు."

వెళ్ళేముందు ఆయన మా ప్లాంటు సిబ్బందికి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. తెర మీద అక్క నవ్వుముఖం వేశాడు. శబ్దం తగ్గించి, కింద ఇంగ్లీషు అక్షరాలు వేశాడు. ఆ అక్షరాల్లో నవ్వు లేదు. ఆయన చెప్పినవాటిలో చాలా షరతులున్నాయి: 'అయి ఉండవచ్చు' లున్నాయి, 'మరింత పరిశీలించాలి' లున్నాయి. మా మేనేజరు వాటన్నిటినీ ఒలిచేసి గింజ ఒక్కటే దాచుకున్నాడు. ఇక్కడి జనానికి లెఫ్ట్, రైట్ లేదు.

మేనేజరు చెడ్డవాడు కాదు. ఎక్కడో ఉత్తరాదినుంచి వచ్చినవాడు, మెత్తగా మాట్లాడేవాడు, వాచ్‌మన్ కూతురి పెళ్ళికి వెళ్ళి అన్నం తినివచ్చినవాడు. కానీ ఆయనకు ఒక మాట దొరికితే దాంతోనే లోకమంతా కొలిచేవాడు. ఆ వారం నుంచీ మా ప్లాంటులో 'లెఫ్ట్-రైట్ ఇష్యూ' అని ఒక జబ్బు పుట్టింది. గార్డు బైకు అడ్డంగా పెడితే లెఫ్ట్-రైట్ ఇష్యూ. టీ తెచ్చినవాడు తలుపు తోయాల్సిందిపోయి లాగితే లెఫ్ట్-రైట్ ఇష్యూ. బెంగళూరు నుంచి వచ్చిన లారీవాడు దారి తప్పితే మాత్రం అది మ్యాపు తప్పు. ఇవన్నీ అంతకుముందు జరగలేదా? జరిగాయి. అప్పుడు ఆయన వాటిని చూడలేదు. పేరు దొరికాక అవి తప్ప ఇంకేమీ చూడలేదు. పరిశోధకుడు తన సిద్ధాంతానికి సాక్ష్యం కోసం రాయచెర్లు దాకా పోయాడు. మేనేజరు గదిలోనే కూర్చుని ఉంటే సరిపోయేది.

మొదటి ట్రాక్టరు వచ్చింది. పోటీలో ఇద్దరు మిగిలారు, ప్లాంటుకు పనివాళ్ళను పంపే కాంట్రాక్టరు ఎక్కడినుంచో తెచ్చిన డ్రైవరు ఒకడు, మా అక్క ఒకరు.

పరీక్ష ఏమిటంటే, ప్లేట్ల వరుస పక్కన పడమటి కొస నుంచి తూర్పు కొస దాకా తోలాలి. బ్రష్షు ట్రాక్టరుకు ఎడమ పక్క ఉంటుంది, ప్లేట్ల ముఖం దారికి ఉత్తరాన ఉంటుంది. కాబట్టి కడిగేటప్పుడు ఎప్పుడూ తూర్పుకే పోవాలి. వరుస అయ్యాక చుట్టు తిరిగి మళ్ళీ పడమటి కొసకు రావాలి. ఇందులో నాకొక సంగతి తోచి మేనేజరుకు ముందే చెప్పాను. "సార్, మన ట్రాక్టరు తూర్పుకే పోతుంది కాబట్టి, కడిగినంతసేపూ ఎడమ అన్నా ఉత్తరం అన్నా ఒకటే. వాళ్ళకు నిజంగా ఎడమ కుడి తెలియకపోయినా మనకు నష్టం లేదు."

"విషయాన్ని చిక్కు చేయకు" అన్నాడు.

వరుస కొసలో ఒక కేబుల్ కాలువ ఉంది. దాని మీద సిమెంటు పలక కప్పి ఉంటుంది, బండి బరువుకు పగిలినా పగలొచ్చు. కాంట్రాక్టరు మనిషి ముందు తోలాడు. వరుసంతా శుభ్రంగా తోలి పలక ముందర బండి ఆపాడు. వంగి పలక వైపు చూశాడు. తర్వాత మెల్లగా దాటించి తిప్పాడు. మేనేజరు తల ఊపాడు.

"చూశావా, జాగ్రత్త మనిషి."

తర్వాత అక్క ఎక్కింది. చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకు తువ్వాలు. బ్రష్షుకూ గాజుకూ మధ్య దూరం ఎక్కడా తేడా రాలేదు. పలక ముందర బండి ఆపింది. వంగి చూసింది. మెల్లగా దాటించి తిప్పింది.

"చూశావా, ఆగిపోయింది" అన్నాడు మేనేజరు. ఆ గొంతులో వెటకారం లేదు, నిజమైన బాధ ఉంది. "ఎటు తిప్పాలో తెలియక. లెఫ్ట్-రైట్ ఇష్యూ."

"ఆయన కూడా అక్కడే ఆగాడు సార్."

"అతను ఆలోచించి ఆగాడు. ఈమె తెలియక ఆగింది."

"అది మీకెలా తెలిసింది సార్?"

"పరిశోధన ఉంది కదా. ఆమెను తప్పుపట్టడం లేదు నేను. తప్పు ఆమెది కాదు, భాషది."

తమ్ముళ్ళూ, మీ ఉద్యోగంలో తిట్టే అధికారులు దొరుకుతారు, వాళ్ళతో వేగవచ్చు. ఇలా జాలిపడే అధికారి దొరికితే మాత్రం దేవుడే దిక్కు. తిట్టుకు జవాబుంది. జాలికి లేదు.

అక్క బండి దిగి వచ్చింది. "ఏమంటాండాడు?"

చెప్పాను. ఆమె ముందు నమ్మలేదు.

"ఏందీ? నాకి ఎడమ కుడి తెలీదా? మడక కట్టిన ఇంట్లో పుట్టినదాన్ని. దాపటెద్దును తెచ్చి వలపట కడితే మడక నడస్తాదా? అడుగప్పా సారును!" రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి చూపించింది. "ఇది ఎడమ. ఇది కుడి. సరేనా?"

"వీడియోలో ఆమే చెప్పింది కదా" అన్నాడు మేనేజరు నాతో.

"తమాషాకి అంటిమి సారూ! ఆయప్ప అంత దూరం నుంచి వచ్చి మొగం వాడ్చుకోని కూసున్నాడని, సంతోషపడతాడని అంటిమి!"

జోక్ అట సార్, అన్నాను.

"జోక్ అయితే ఊరంతా ఒకే మాట ఎలా చెబుతుంది?"

బండి కాంట్రాక్టరు మనిషికి ఇచ్చారు.

ఆ మధ్యాహ్నం అక్క డెయిరీ అరుగు దగ్గర పెద్దాయన్ను నిలబెట్టి కడిగేసింది. "నీ నోరు పడిపోను మామా! తూర్పంటివి, పడమరంటివి, ఊరందరినీ ఎగదోస్తివి. నీకేమి, నీ మేక ముందర పోతాది, నువ్వు ఎనక పోతావు. నా బండి పాయె!"

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. "తప్పే పాపా. పదండ, పోయి చెప్దాము. ఇంతమందిమి చెప్తే వినకుండా యాడికి పోతాడు?"

ఇక్కడ ఊరు రెండో పొరపాటు చేసింది. మా పల్లెలవాళ్ళకు ఒక నమ్మకం. ఒకడు చెబితే వినని ఆఫీసు, నలభైమంది పోయి నిలబడితే వింటుందని. తాలూకా ఆఫీసు దగ్గర అది పనిచేస్తుంది కూడా. మరుసటి ఉదయం గేటు ముందు వరుసగా నిలబడ్డారు. మేనేజరు బయటికి రాగానే పెద్దాయన ముందు, మిగతావాళ్ళు వెనక, అందరూ ఎడమ చేతులు ఎత్తి "ఎడమా!" అని అరిచారు. తర్వాత కుడి చేతులు ఎత్తి "కుడీ!" అన్నారు. అవ్వ ఒకత్తె చేతికర్ర కూడా ఎత్తింది.

మేనేజరు కదిలిపోయాడు. ఫోను తీసి ఫొటో తీశాడు. "చూడు, చూడు" అన్నాడు నా భుజం పట్టుకుని, "వీళ్ళకు నేర్చుకోవాలని ఎంత తపన!"

నేను మూడు రకాలుగా చెప్పి చూశాను. వచ్చింది నేర్చుకోవడానికి కాదన్నాను. వాళ్ళకు ఇది ముందే వచ్చన్నాను. మీరు పొరబడ్డారని చెప్పడానికి వచ్చారన్నాను. మూడోది నేను చెప్పేసరికి ఆయన పై ఆఫీసుకు ఫోనులో ఉన్నాడు.

శిక్షణ మంజూరైంది. 'దిశా అవగాహన' అని పేరు పెట్టారు. నేర్పించాల్సినవాణ్ణి నేను. రెండు పూటలు కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టాను. ఏం నేర్పించాలో తెలియక అక్కకు బ్రష్షును లేపే మీట ఎలా పనిచేస్తుందో చూపించాను, మిగతావాళ్ళు శెనక్కాయల గురించి మాట్లాడుకున్నారు. చివర అందరికీ రంగు అట్ట మీద సర్టిఫికెట్లు పంచారు. పెద్దాయన తనది అందుకుని తిప్పి చూసి, "దీన్ని గోడకు ఏ పక్క తగిలించల్లప్పా? ఇప్పుడు తెలిసినాది కదా, అడగల్ల" అన్నాడు.

రెండో ట్రాక్టరు వచ్చినరోజు దానికి పూలదండ వేసి, నిమ్మకాయలు కట్టి, షామియానా వేశారు. పై ఆఫీసు నుంచి అతిథులు వచ్చారు. మేనేజరు అక్కకు ఇస్తానన్నాడు బండి. ఒక్కటే కోరిక. మైకులో రెండు వాక్యాలు చెప్పాలి. వాక్యాలు ఆయనే ఇంగ్లీషులో చెప్పాడు, తెలుగు నేను చెప్పాను.

అక్క నన్ను షామియానా పక్కకు లాగింది. "ఇది చెప్తే బండిచ్చేది నిజమేనా?"

"నిజమే అక్కా."

"చెప్పకుంటే?"

"కాంట్రాక్టరు ఇంకో మనిషిని తెస్తాడు."

ఆమె బండి వైపు చూసింది. బండి వెనక, ఒకప్పుడు వాళ్ళ చేను ఉన్నచోట, ప్లేట్లు ఎండకు కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. మాపుల గుంపులో మిగతా ఆడవాళ్ళు కుర్చీలు దొరక్క నేల మీద కూర్చున్నారు. ఆ రోజుతో వాళ్ళ పని ఆఖరు.

"సరే. పోయేది నోటి మాటే కదా" అని మైకు దగ్గరికి నడిచింది.

"నాకు ముందర ఎడమ కుడి తెలీదు. కంపెనీ వాళ్ళు నేర్పించినారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. డెయిరీ అరుగు మీద ఇదే మాటకు దద్దరిల్లిన జనం తలలు వంచుకుని కూర్చున్నారు. మేనేజరు ఆ నిశ్శబ్దాన్ని గౌరవం అనుకున్నాడని ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది. తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె బండి దగ్గరికి వెళ్ళి, ఎక్కకుండా ఆగి, ఆయన వైపు తిరిగింది. గొంతు ఎంతో వినయంగా ఉంది.

"ఏ పక్క నుంచి ఎక్కల్ల సారూ? మీరే చెప్పల్ల."

నేల మీద కూర్చున్న ఆడవాళ్ళలో ఒకరిద్దరు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మేనేజరు నా వైపు చూశాడు. నేను ఆ ప్రశ్నను ఏమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా అనువదించాను.

ఆయన పరుగులాంటి నడకతో ట్రాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఎడమ పక్క మెట్టు ముందు వంగి, దాన్ని అరచేత్తో తట్టాడు. "లెఫ్ట్" అన్నాడు నిదానంగా, స్పష్టంగా. "ఇది, లెఫ్ట్."

"లెఫ్ట్" అంది అక్క, ఆయన కళ్ళలోకి చూస్తూ. ఎక్కి కూర్చుని బండి స్టార్టు చేసింది.

అతిథులు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా, అతిథులు ఆపేశాక కూడా ఆపకుండా కొట్టింది రాయచెర్లువాళ్ళే. పెద్దాయన లేచి నిలబడి, చేతులు తలపైకెత్తి మరీ కొట్టాడు.

మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడు.